రెండో గొంతు

అత్తయ్య పరదాలన్నీ విప్పేసింది.

పాట గది అని పేరే గానీ అది గది కాదు, హాల్లో ఓ మూల. అత్తయ్య కర్టెన్లు కుట్టగా మిగిలిన గుడ్డల్ని పొర మీద పొరగా పైనుంచి వేలాడదీసి, వాటి నడుమ ఒక మైకు, ఒక పీట పెట్టుకున్నారు. బయటి చప్పుడు లోపలికి రాకుండా అదీ ఈ ఇంటి ఉపాయం. ఇప్పుడా గుడ్డలన్నీ నేలమీద కుప్పగా పడి ఉన్నాయి. మైకు ఒక్కటే, తువ్వాలు మర్చిపోయి స్నానాల గదిలోంచి బయటికొచ్చిన మనిషిలా, ఎటు పోవాలో తెలీక నిలబడి ఉంది.

గువ్వ కూరగాయల సంచీతో గుమ్మంలోనే ఆగిపోయింది. గువ్వ అన్నది ఆమె పాటలు వినేవాళ్ళు పెట్టిన పేరు. అదే ఇంట్లోనూ అలవాటైపోయింది.

"అత్తయ్యా, ఏంటిది?"

అత్తయ్య స్టూలెక్కి చివరి కొక్కెం ఊడదీస్తోంది.

"రేపు మనింటికి జనం వస్తున్నారు. గుర్తుందా?"

కొక్కెం ఊడింది. ఆఖరి పరదా మెల్లగా జారి కుప్ప మీద పడింది.

"మీతోనే అత్తయ్యా, మాట్లాడుతున్నది."

"గుడ్డలు మాసిపోయాయి. ఉతకాలి," అంది అత్తయ్య, గోడతో.

బుధవారం నుంచి ఆవిడ మాట్లాడేది గోడతోనే. కూరలో ఉప్పు సరిపోయిందా అని గోడనే అడుగుతుంది. బయటికెళ్తే గోడకే చెప్పి వెళ్తుంది. ఆ గోడ చేసుకున్న పుణ్యం కోడలు చేసుకోలేదు.

జరిగిందేమిటో అత్తకీ కోడలికీ, ఊళ్ళో లేకపోయినా ఫోన్లో విన్న మొగుడికీ తెలుసు. తెలిసీ ఎవరూ పైకి అనడం లేదు కాబట్టి, ఒకసారి మనమే అనుకుందాం.

గువ్వ పాటని కంపెనీలకి ఇవ్వదు. వారానికో పాట కట్టి, సోమవారం పొద్దున్నే వినేవాళ్ళ ఫోన్లకి తనే పంపుతుంది. మొదట్లో ఓ కంపెనీ పెద్దమనిషి ఆమెని కూర్చోబెట్టి, "ఇలా అయితే మీ పాట ఎవరు వింటున్నారో మీకెలా తెలుస్తుందండీ?" అని జాలిపడ్డాడు. గువ్వ వేళ్ళు మడుస్తూ చెప్పుకుంటూ పోయింది. ఓ బస్సు డ్రైవరు గారు, బండి తీసే ముందు. ఆస్పత్రిలో ఓ నర్సు, డ్యూటీ దిగి చెప్పులు విప్పాక. ఇస్త్రీ షాపు దంపతులు, ఇద్దరూ కలిసి, ఎందుకంటే ఆ ఒక్క పాటసేపే వాళ్ళు పోట్లాడుకోరు. కంపెనీ ఆయన పాపం మధ్యలోనే కాఫీ చల్లారిపోయిందని లేచాడు.

అలా వినేవాళ్ళందరినీ కలిపి 'గూడు' అంటారు. గూట్లో ఒకటే పద్ధతి. పాట ఎలా ఉందో రాసి పంపకూడదు. నోటితో మాట్లాడి పంపాలి.

సోమవారం మధ్యాహ్నం నేల మీద వెల్లకిలా పడుకుని ఆ జవాబులు వినడం గువ్వకి అన్నిటికన్నా ఇష్టమైన పని. కళ్ళు మూసుకుంటే ఒకరింటి తర్వాత ఒకరిల్లు ఆమె మీదుగా తేలిపోతూ ఉంటుంది. ఒకచోట కుళాయి కారుతూ ఉంటుంది. ఒకచోట ఎవరో పాఠం వల్లె వేస్తుంటారు. ఇంకోచోట మాట్లాడే మనిషి ఆగిపోతే, కిటికీ అవతల రైలు వెళ్ళిపోయేదాకా ఆమె కూడా ఊపిరి బిగబట్టి వింటుంది. ఆ ఇళ్ళ గుమ్మాలు ఎప్పుడూ తొక్కలేదు. అయినా ఏ గదిలో వెలుతురు ఎటునుంచి పడుతుందో తనకు తెలుసనిపిస్తుంది.

ఈ సోమవారం మాత్రం అన్ని గొంతులూ ఒకటే అడిగాయి. నీ పాట కింద ఇంకో గొంతుంది, ఎవరిది గువ్వా?

పాట పంపే ముందు చప్పుళ్ళు తీసి శుభ్రం చేసేది ఆమె మొగుడు. చెవిలో పెట్టుకునే మిషన్లు అమ్మే షాపులో పని. వీధంతా 'చెవుల డాక్టరు' అని వెక్కిరిస్తే, అతను నిజంగానే డాక్టర్లా తలూపి వెళ్ళిపోతాడు. పోయిన ఆదివారమే మిషన్లు అమర్చడానికని వేరే ఊరెళ్ళాడు. సోమవారం తప్పకూడదని గువ్వ ఉన్నది ఉన్నట్టు పంపేసింది.

మళ్ళీ విన్నప్పుడు తెలిసింది. తను పైకి వెళ్ళినప్పుడు కిందనుంచి ఓ గొంతు పట్టుకుంటోంది. తను ఆగినచోట అది ఆగడం లేదు. ఆ గొంతు అత్తయ్యది. రికార్డింగ్ మొదలైతే కుళాయి కట్టేయాలి, ఫ్యాను ఆపేయాలి, అత్తయ్య కుట్టుమిషను ఆపేయాలి. అది ఇంటి కట్టుబాటు. అప్పుడావిడ సూదీ దారం తీసుకుని కర్టెన్ అంచులు చేత్తో కుట్టుకుంటూ కూర్చుంటుంది. కుడుతూ కూనిరాగం తీస్తుంది కాబోలు.

చక్కగా అలాగే చెప్పి ఉంటే ఇంత కథ ఉండేది కాదు. కానీ రెండు రోజులపాటు అందరూ ఆ గొంతునే పొగిడారు. నర్సైతే, "ఆ గొంతు దగ్గర నాకు ఏడుపొచ్చింది," అంది. గువ్వకి అసూయ కలిగింది. దానికింకో పేరు లేదు. బుధవారం సాయంత్రం ఫోను నోటి దగ్గర పెట్టుకుని, "ఆ రెండో గొంతు కూడా నాదే," అని గూడంతటికీ పంపేసింది.

వెనక్కి తిరిగితే అత్తయ్య, రెండు చేతుల్లో రెండు కాఫీ గ్లాసులతో.

అత్తయ్య ఒక గ్లాసు బల్ల మీద పెట్టి, రెండోది తీసుకుని తన గదిలోకి వెళ్ళిపోయింది. అదీ సంగతి.

గూడు ఊరుకుందా? రెండు గొంతులూ నీవే అయితే ఎలా కలిపావో మా ముందు పాడి చూపించు అంది. ఆదివారం అందరూ ఇంటికి రావడం ఎప్పటినుంచో అనుకున్నదే. మొదటిసారి మొహాలు చూసుకోబోతున్నారు. తను తవ్విన గోతిలో తనే పడటమంటే ఇదే.

*

చెవుల డాక్టరు శనివారం మధ్యాహ్నానికి ఊరినుంచి దిగాడు. బ్యాగు కూడా విప్పనివ్వకుండానే గువ్వ అతన్ని డాబా మీదకి లాక్కెళ్ళింది.

డాబా నిండా తడి పరదాలే. నీలం, గంధం రంగు, లేత పసుపు. గాలి వచ్చినప్పుడల్లా తీగలన్నీ ఒకేసారి ఊగి, ఎండ వాటి గుండా వడకట్టినట్టు నేలమీద పడుతోంది. ఇద్దరూ ఆ వరసల మధ్య నిలబడితే, పోట్లాడుకోవడానికి వచ్చిన సంగతి కాసేపు ఇద్దరికీ గుర్తులేదు.

గుర్తొచ్చింది.

"నువ్వు లేకపోబట్టే ఇదంతా," అంది గువ్వ.

"శుభ్రం చెయ్యకుండా పంపమని నేను చెప్పానా?"

"సోమవారం వస్తుందని వాళ్ళు ఎదురుచూస్తారు."

"ఒక్క వారం ఆగితే ప్రాణాలు పోతాయా వాళ్ళకి?"

"వాళ్ళకి పోవు. నాకు పోతాయి."

అతను నవ్వబోయి, ఆమె మొహం చూసి మానేశాడు. ఓ పరదా మడత విప్పి సరిచేశాడు.

"సరే విను. చిన్న పని. ఆ రికార్డింగ్‌లోంచి రెండో గొంతు విడదీస్తాను. నీ గొంతులా ఉండేలా కాస్త సన్నం చేస్తాను. స్పీకరు బీరువా పక్కన పెట్టి పైన ఏదైనా కప్పేద్దాం. నువ్వు పాడుతున్నప్పుడు నావైపు చూసి తల ఊపు, నేను నొక్కుతాను."

"మోసం చేయడానికా వాళ్ళని ఇంటికి పిలిచింది?"

"మోసం మొదలుపెట్టింది ఎవరు? నేను దానికి అంచు కుడుతున్నానంతే."

గువ్వకి అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ అతనన్నదాంట్లో తప్పు దొరకలేదు. తప్పు దొరకనప్పుడు మనుషులు మాట మారుస్తారు. ఆమె కూడా మార్చింది.

"అసలావిడ ఎప్పుడూ పాడదు కదా. నువ్వు లేని వారం చూసుకునే పాడాలా?"

అతను ఓ పరదా తడి అంచు పట్టుకుని పిండాడు.

"ఏం?"

"ఈ వారమే కాదు."

"అంటే?"

"ప్రతి వారం పాడుతుంది. మొదటి పాట నుంచీ. నేనే తీసేస్తున్నాను."

పరదాలు మళ్ళీ ఊగాయి. ఒకటి వచ్చి ఇద్దరి మధ్యా పడి, వెనక్కి పోయింది.

"తీసేస్తున్నావా?"

"ప్రతి పాటలోనూ తీసేయాల్సినవి ఉంటాయి గువ్వా. ఫ్రిజ్ గురగుర, వీధిలో బళ్ళు, అమ్మ."

మూడూ ఒకే వరసలో, ఒకే స్వరంతో అనేశాడు. అన్నాక తనకే వినపడినట్టుంది.

అప్పుడు గువ్వ చూసింది. మూడో తీగ మీది నీలం పరదా కింద, అంచుకీ నేలకీ మధ్య, రెండు తడి పాదాలు. పక్కన బకెట్.

"ఎన్నాళ్ళ నుంచిరా?" అంది పరదా వెనకనుంచి గొంతు.

"అమ్మా..."

"అడిగినదానికి చెప్పు."

"చెప్పాను కదమ్మా. మొదట్నుంచీ."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఆపేస్తావని."

పరదా తొలగించుకుని అత్తయ్య బయటికి రాలేదు. అక్కడే ఉండి, గాలి వీచినప్పుడు కొంచెం కనిపిస్తోంది, వీచనప్పుడు అదీ లేదు.

"తీసేసేవాడికి, ఆపేస్తే నష్టమేముందిరా?"

"అంటే... అది..." అన్నాడు. మొగుడు ఇలా తడబడటం గువ్వ ఎప్పుడూ చూడలేదు. ఊళ్ళోవాళ్ళ చెవులన్నీ సరిచేసేవాడు, సొంత తల్లి అడిగిన మాటకి తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

"నేను పాడతానని నాకే తెలీదు," అంది అత్తయ్య. "నేనెప్పుడు పాడాను? దారంతోపాటు ఊపిరి వస్తుంది, పోతుంది. దాన్ని ఒకడు చప్పుడని తీసేశాడు. ఒకత్తె తనదని చెప్పుకుంది. పోనీ అత్తయ్యదేమో అని అడిగినవాళ్ళెవరు?"

ఈ మాటలు గోడతో అన్నవి కావు. డాబా మీద గోడే లేదు. బకెట్ తీసుకుని తడి అడుగులతో ఆవిడ మెట్లు దిగిపోయింది.

కోడలు అక్కడే కూర్చుండిపోయింది. మొగుడు ఆమె పక్కన కూర్చోబోయాడు. "ఇక్కడొద్దు," అంది. అతను ఇంకో వరస అవతల కూర్చున్నాడు. పరదాలు ఆరేదాకా ఇద్దరూ కనిపించీ కనిపించకుండా అలాగే ఉన్నారు.

*

ఆదివారం పొద్దున్నుంచీ ముసురు.

అత్తయ్య గది తలుపు ఓరగా తెరిచి ఉంది. ఆవిడ మిషను ముందు కూర్చుంది గానీ తొక్కడం లేదు, చేత్తో కుడుతోంది. గువ్వ లోపలికి వెళ్ళి, గుడ్డ ముక్కల మధ్య చోటు చేసుకుని కింద కూర్చుంది.

"అత్తయ్యా, తప్పయిపోయింది."

"ఊఁ."

"ఇవాళ నా పక్కన కూర్చోండి. అందరికీ నేనే చెబుతాను. పాడొద్దు, ఊరికే కూర్చోండి చాలు."

"నేనెందుకు? రెండు గొంతులూ నీవే కదా. నువ్వే పాడుకో."

అయినా కోపంలో కూడా ఆవిడ మొహం మెత్తగానే ఉంది. గువ్వకి అదే భరించరానిదైంది. ఈ ఇంటికొచ్చిన కొత్తలో, పాట పాట అని తిరుగుతున్నావు, పెళ్ళయిన పిల్లవి అని నలుగురూ అంటుంటే, మిగిలిపోయిన గుడ్డలన్నీ తెచ్చి ఆ మూలన కట్టింది ఈవిడే. అప్పుడూ ఏమీ అనలేదు. "చప్పుడు రాకుండా ఉంటుంది," అంది, అంతే.

"వాళ్ళకి ఉన్నది ఉన్నట్టు చెప్పడం ఒక్కటే అత్తయ్యా నా దగ్గరున్నది," అంది గువ్వ. "పెద్ద పెద్దవాళ్ళ పాటలు వాళ్ళకి ఎన్ని దొరకవు? అయినా నావి వింటున్నారంటే, వాళ్ళ దగ్గర నేను ఏదీ దాచనని. ఇప్పుడు దాచానని తెలిస్తే ఉంటారా? మీరు ఉన్నారని తెలిస్తే..."

ఆగిపోయింది.

"తెలిస్తే?"

"నన్నెందుకు వింటారు ఇక?"

ఆ మాట బయటికి వచ్చాక గువ్వకి ఏడుపొచ్చింది. సిగ్గు కూడా వేసింది. కోడలు నిజం చెబుతుందని అత్తయ్య అనుకోలేదు. సూది గుచ్చబోయిన చెయ్యి గాల్లోనే ఆగింది. ఏదో అనబోయింది.

వీధి తలుపు తట్టారు.

"వెళ్ళు. జనం వచ్చారు," అంది అత్తయ్య. అని, ఓరగా ఉన్న తలుపు తనే లేచి మూసుకుంది.

*

పరదాలు మళ్ళీ పైకెక్కలేదు. మడతలు పెట్టి హాలంతా పరిచారు, కూర్చోవడానికి. వచ్చినవాళ్ళు తడి గొడుగులు వసారాలో ఆరబెట్టి, ఎవరూ ఏమీ చెప్పకుండానే గొంతు తగ్గించి లోపలికొచ్చారు.

గువ్వ ఒక్కొక్కరినీ మాట విని గుర్తుపట్టింది. మొహాలేవీ తను అనుకున్నట్టు లేవు. బస్సు డ్రైవరు సన్నగా పొట్టిగా ఉన్నాడు. నర్సుకి తల నెరిసింది. ఇస్త్రీ షాపు దంపతులు గుమ్మంలోనే ఎవరి గొడుగు ముందు మడవాలని గొడవ పడ్డారు. వాళ్ళు మాత్రం అనుకున్నట్టే ఉన్నారనుకుంది.

"తల్లీ, నువ్వు ఇంత చిన్నపిల్లవా?" అన్నాడు డ్రైవరు. "గొంతు విని కాస్త పెద్దదానివేమో అనుకున్నాను."

"రెండు గొంతులు కదండీ, రెండింతలు వయసు అనిపించి ఉంటుంది," అంది ఇస్త్రీ షాపు ఆవిడ. అందరూ నవ్వారు.

గువ్వ కూడా నవ్వింది.

ఎన్నో ఏళ్ళుగా తెలిసినవాళ్ళు కలిసినట్టుంది ఆ గది. వానకి కిటికీ అద్దాలు మసకబారాయి. లోపల మనుషుల వెచ్చదనం, ఉతికిన గుడ్డల వాసన. ఒకాయన గోడకి ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. ఇంట్లో పాట వినేటప్పుడు ఆయన అలాగే కూర్చుంటాడు కాబోలు అనుకుంది గువ్వ. ఈ గదిలో ఉండిపోవాలనిపించింది, పాట లేకుండా, ప్రశ్న లేకుండా.

మొగుడు బీరువా పక్కన నిలబడ్డాడు. పక్కన స్టూలు, దాని మీద దుప్పటి కప్పిన ఏదో. అతను ఆమెవైపు చూశాడు. ఆమె మొహం తిప్పుకుంది.

పాట మొదలుపెట్టింది.

*వాన వెలిసిన వాకిట్లో*
*వెలుగు ఆరబోశానే*
*ఎవరు తొక్కుతు వెళ్తారో*
*ఎవరు ఏరుకు పోతారో*

'వెలుగు' దగ్గర పాట పైకి వెళ్తుంది. రెండో గొంతు కిందనుంచి వచ్చి పట్టుకునేది అక్కడే. గదిలో అందరూ కాస్త ముందుకి వంగారు. మొగుడి వేలు దుప్పటి కిందకి వెళ్ళింది. తల ఊపమన్నట్టు కనుబొమలు ఎగరేశాడు.

గువ్వ తల అడ్డంగా ఊపింది.

ఒక్క గొంతే పైకి వెళ్ళింది. కింద ఏమీ లేదు. వినేవాళ్ళ మొహాల్లో ఆ ఖాళీ ఆమెకు కనపడింది. రెండోసారి అదే పాదం అందుకుంది, ఇంకో దారి లేక. మళ్ళీ ఒక్క గొంతే. మూడోసారి పాడాలా, ఆపి చెప్పేయాలా?

అప్పుడు ఇస్త్రీ షాపు ఆవిడ మెల్లగా అందుకుంది. నోరు తెరవకుండా, కూనిరాగంలా. వారమంతా విన్నారు కదా, నోటికి వచ్చేసింది. ఆవిడ మొగుడు చేరాడు. డ్రైవరు చేరాడు, కాస్త మొరటుగా. నర్సు కళ్ళు మూసుకుని చేరింది. చూస్తుండగానే గదంతా ఆ రెండో గొంతైంది. ఎవరికీ సరిగా రాలేదు. అయినా నేలమీద పరిచిన పరదాల కిందనుంచి నీళ్ళు పైకొస్తున్నట్టు మెల్లగా వచ్చి, గువ్వ పాటని ఎత్తుకుంది. తన పాట తన చేతుల్లోంచి వెళ్ళిపోతుంటే ఆమెకి భయం వేయలేదు. తేలిపోతున్నట్టుంది. ఆ కాసేపూ అన్నీ మర్చిపోయి పాడింది.

"అక్కడ దిగకూడదు!"

తలుపు తెరుచుకుంది. అత్తయ్య, మెళ్ళో కొలతల టేపుతో, కళ్ళద్దాలు నుదుటిమీదకి తోసుకుని.

"ఇందాకటినుంచీ వింటున్నాను, అందరూ కలిసి దిగిపోతున్నారు. 'వెలుగు' దగ్గర దిగిపోతే ఆ పిల్ల పైన ఒక్కతే అయిపోదూ? నిలబడాలి అక్కడ. ఇలా."

ఆ స్వరం మీదే నిలబడి పాడి చూపించింది. ఒక్క పాదమే.

గదిలో కూనిరాగం ఆగిపోయింది. వాన వినపడింది. కళ్ళు మూసుకుని కూర్చున్న పెద్దమనిషి కళ్ళు తెరిచాడు. నర్సు చెయ్యి నోటికడ్డం పెట్టుకుంది.

అత్తయ్యకి తను ఎక్కడున్నదీ అప్పుడు తెలిసింది. కళ్ళద్దాలు కిందకి లాక్కుంది. వెనక్కి ఒక అడుగు వేసింది.

"ఇదే గొంతు," అన్నాడు డ్రైవరు నెమ్మదిగా. గువ్వ వైపు తిరిగాడు. "నీదన్నావు కదా తల్లీ?"

గువ్వ నోరు తెరిచింది. ఆమెకన్నా ముందు అత్తయ్య అందుకుంది.

"నేనే అలా చెప్పమన్నాన్లెండి. నలుగురిలో నా పేరెందుకని. పాపం దానికి ఇష్టం లేదు, నేనే బలవంతపెట్టాను."

ఎంత తేలిగ్గా అబద్ధం ఆడింది ఆవిడ! బుధవారం నుంచి కోడలి మొహం చూడని మనిషి. వచ్చినవాళ్ళ భుజాలు సడలాయి. "అదా సంగతి," అంది ఎవరో. ఆ అబద్ధం ఒప్పేసుకుంటే అయిపోతుంది. చెయ్యి చాస్తే అందేంత దగ్గర్లో ఉంది గట్టు.

"కాదు," అంది గువ్వ.

"ఊరుకో," అంది అత్తయ్య పళ్ళ బిగువున.

"అత్తయ్య ఏమీ చెప్పమనలేదు. అసలు పాడుతున్నట్టు ఆవిడకే తెలీదు. మీరందరూ ఆ గొంతు బాగుందంటుంటే నాకు కుళ్ళొచ్చింది. అందుకని నాదన్నాను."

ఇస్త్రీ షాపు ఆయన భార్యవైపు చూశాడు. ఆవిడ మొదటిసారి మొగుడికి ఎదురుచెప్పడానికి ఏమీ దొరకని దానిలా ఉంది.

"పాటలు ఎక్కడైనా ఉంటాయి తల్లీ," అన్నాడు డ్రైవరు చివరికి. ఆయన గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "నువ్వు మాతో మాట్లాడే మాట మీద గురి మాకు. పొద్దున బండి తీసేముందు, ఈ లోకంలో ఒక మనిషి నాతో ఉన్నది ఉన్నట్టు మాట్లాడుతుంది అనుకునేవాణ్ణి."

"తెలుసండీ."

"తెలిసే చేశావు."

"తెలిసే చేశాను."

మొగుడు బీరువా దగ్గర్నుంచి ముందుకొచ్చాడు. "తప్పు నాది కూడా అండీ. అమ్మ గొంతు ప్రతి పాటలోనూ ఉంది. నేనే..." అని, తల్లి వైపు చూసి, పూర్తి చేయలేకపోయాడు.

"ప్రతి పాటలోనా?" అంది నర్సు.

మాట మెత్తగానే వచ్చింది గానీ, గదిలో అందరి తలలూ ఒకేసారి అత్తయ్య వైపు తిరిగాయి. గువ్వకి అది తెలిసింది. ఎండ ఒక కిటికీలోంచి ఇంకో కిటికీకి మారినట్టు తన మీదనుంచి ఆ చూపులన్నీ జరిగిపోయాయి. పొద్దున అత్తయ్య ముందు ఏ మాటకి ఏడ్చిందో, ఆ మాట ఇప్పుడు కళ్ళెదురుగా జరుగుతోంది.

నర్సు లేచి అత్తయ్య దగ్గరికెళ్ళింది.

"అమ్మా, మీ నెంబరు ఇస్తారా?"

"నా నెంబరా?" అత్తయ్య తికమకపడింది. "కర్టెన్లు కుట్టాలామ్మా?"

"కర్టెన్లకి కాదు. సోమవారం డ్యూటీ దిగాక మీతో మాట్లాడాలి. మీ పాట ఎలా ఉందో చెప్పాలి కదా."

"నాకు పాట ఎక్కడిదమ్మా..."

"మాకూ ఇవ్వండి," అంది ఇస్త్రీ షాపు ఆవిడ, ఫోను తీస్తూ. ఆమె మొగుడూ తీశాడు. గోడకి ఆనుకున్న పెద్దమనిషి తీశాడు. ఒక్క క్షణం ఆగి, గువ్వ వైపు చూడకుండా, డ్రైవరు కూడా జేబులో చెయ్యి పెట్టాడు.

మసక వెలుతురులో ఫోన్లు ఒక్కొక్కటే వెలిగాయి. మొహాలన్నీ వాటి మీదకి వంగాయి. ఇన్నాళ్ళూ ఒక్కొక్క గొంతునీ పేరుపేరునా పలకరించి, ఒంట్లో బాలేకపోయినా జవాబు మానకుండా తను అల్లుకున్న గూడు అది. గువ్వ పీట మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని చూస్తోంది. ఆమెని ఎవరూ లేచిపొమ్మనలేదు. ఉండమని కూడా అనలేదు.

అత్తయ్యకి నెంబరు కంఠతా వచ్చు, కర్టెన్ల వాళ్ళకి చెప్పీ చెప్పీ. ఒక్కో అంకె చెప్పింది, గుడ్డ కొలిచేటప్పటిలాగా నిదానంగా, ఒకటి రాసుకున్నారని చూసుకున్నాకే రెండోది. చెబుతుంటే ఆవిడ బుగ్గలు ఎర్రబడ్డాయి. ఆవిడ అంత అందంగా ఉంటుందని కొడుకు కూడా ఎప్పుడూ చూసినట్టు లేదు.

ఇంకొక్క అంకె మిగిలింది.

అక్కడ అత్తయ్య ఆగింది. వేళ్ళన్నీ ఫోన్ల మీద ఆగిపోయాయి. ఆవిడ మనుషుల మీదుగా, గోడ వైపు కాదు, కోడలి వైపు చూసింది.

"అమ్మాయ్," అంది. "చెప్పనా?"